చప్పుడును బట్టి జబ్బు: డ్రైయర్ దడదడలాడితే

(ఇంటి యంత్రాలపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు)

ఈసారి ఉత్తరాల కట్టలో బట్టలు ఆరబెట్టే డ్రైయర్ల గోలే ఎక్కువ. అన్నీ వరసగా చదువుతుంటే అందరిదీ ఒకటే జబ్బేమో అనిపించింది కానీ, కాదు. ఒకరిది దడదడ, ఒకరిది కీచుకీచు, ఇంకొకరిది అసలు చప్పుడే లేదు. మొదటి ఉత్తరానికి తీరిగ్గా జవాబిస్తున్నాను. మిగతావాళ్లు అలగకండి, మీ జవాబులు చాలావరకు అందులోనే ఉన్నాయి.

ప్రశ్న: మా డ్రైయర్ కొని తొమ్మిదేళ్లయింది. కొన్ని నెలలుగా ఆన్ చెయ్యగానే దడదడమని మొదలుపెడుతోంది. మొదట్లో ఐదు నిమిషాలకు తగ్గిపోయేది. ఇప్పుడు ఆపేదాకా వస్తూనే ఉంది. బట్టలు మాత్రం బాగానే ఆరుతున్నాయి. చూడ్డానికి వచ్చిన మెకానిక్ మూత కూడా తియ్యకుండానే మోటారు పోయిందన్నాడు, కొత్తది కొనుక్కోమన్నాడు. మావారు సరే అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. కుట్టుమిషను నేనే విప్పి బాగుచేసుకుంటాను. ఇది నావల్ల అవుతుందా?

జవాబు: అవుతుందమ్మా. కుట్టుమిషను విప్పి, మళ్లీ బిగించి, కుట్టు సరిగ్గా పడేట్టు చేసుకునే చేతికి డ్రైయర్ ఒక లెక్కా? అందులో ఉన్నంత సున్నితమైన పని ఇందులో లేదు. బరువు మాత్రం ఎక్కువ.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా పనికొచ్చే మాట "మొదట్లో ఐదు నిమిషాలకు తగ్గిపోయేది" అన్నది. ఆ మెకానిక్ ఈ ఒక్క ముక్క అడిగి ఉంటే మోటారు జోలికి పోయేవాడు కాదు. బట్టలు వేసే డ్రమ్ము గాల్లో తిరగదు కదా. చాలా మోడళ్లలో దాని కింద చిన్న చక్రాలుంటాయి. రోలర్లంటారు. కొన్నిట్లో వెనకవైపు రెండే, కొన్నిట్లో ముందు కూడా రెండు. వాటి అంచుకు రబ్బరు ఉంటుంది. మిషను ఆపి ఉంచినప్పుడు డ్రమ్ము బరువంతా ఆ రబ్బరు మీద ఒకేచోట పడుతుంది, అక్కడ కాస్త చదునవుతుంది. మిషను తిరిగి వేడెక్కాక రబ్బరు మెత్తబడి మళ్లీ గుండ్రంగా సర్దుకుంటుంది. కొత్తలో ఇది తెలియను కూడా తెలియదు. ఏళ్లు గడిచి రబ్బరు గట్టిపడ్డాక సర్దుకోవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. తర్వాత ఇక సర్దుకోదు. మీ మిషను ఇప్పుడున్నది అక్కడే.

నా మాట కూడా ఊరికే నమ్మకండి, లెక్కపెట్టి చూడండి. బట్టలన్నీ తీసేసి ఖాళీ డ్రమ్ము తిప్పండి. డ్రమ్ము నిమిషానికి ఇంచుమించు యాభై చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్కో చుట్టుకు సెకను పైచిలుకు. దెబ్బ చుట్టుకొక్కసారి "దబ్... దబ్..." అని తీరుబడిగా పడుతుంటే తప్పు డ్రమ్ములోనో, దాని అంచున ఉండే ఫెల్ట్ పట్టీలోనో (మందపాటి ఉన్నిగుడ్డ లాంటిది), మోటారు నుంచి డ్రమ్మును తిప్పే బెల్టులోనో ఉన్నట్టు. రోలరైతే చిన్నది. డ్రమ్ము ఒక్కసారి తిరిగేలోపు అది ఏడెనిమిది సార్లు తిరుగుతుంది. కాబట్టి దాని దెబ్బలు లెక్కపెట్టడానికి వీల్లేనంత వేగంగా, సెకనుకు ఆరేడు పడతాయి. మీరు రాసిన "దడదడ" ఇదే అనుకుంటున్నాను. ఖాళీగా తిప్పినప్పుడు చప్పుడే రాకపోతే మాత్రం నవ్వుకుని ఊరుకోండి. తడిసి ముద్దకట్టిన దుప్పటి కూడా డ్రమ్మును బాగానే బాదుతుంది. ఒకాయన ఇంట్లో అరగంట సేపు అన్నీ పరీక్ష చేశాక, ఆ చప్పుడు జీన్స్ జేబులోని తాళంచెవులదని తేలింది. ఆ జీన్స్ ఆయనదే, వెతుకుతున్న తాళంచెవులూ ఆయనవే.

ఇక పని సంగతి. ముందుగా తలుపు లోపలి అంచునో, మిషను వెనకనో అతికించి ఉండే పట్టీ చూసి మోడల్ నంబరు రాసుకోండి. రోలర్లు చూపుకి అన్నీ ఒకేలా ఉంటాయి, కానీ ఇరుసు రంధ్రం ఒక మిల్లీమీటరు తేడా ఉన్నా పనికిరావు. ఒక్క రోలరు అరిగినా ఉన్నవన్నీ మార్చండి. పాత రోలరు పక్కన కొత్తది పెడితే ఎత్తులో తేడా వచ్చి డ్రమ్ము ఒక పక్కకు ఒరుగుతుంది. ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి బెల్టు, దాన్ని బిగుతుగా పట్టి ఉంచే చిన్న చక్రం (టెన్షన్ పుల్లీ) కూడా కొత్తవి తెచ్చిపెట్టుకోండి. ఇది అమ్మేవాళ్ల మాటలా ఉందని తెలుసు. కానీ ఈ పనిలో తొమ్మిది వంతులు విప్పడం, బిగించడమే. పార్టు మార్చడం ఒక వంతు. ఆరు నెలలకు బెల్టు తెగితే ఆ తొమ్మిది వంతులూ మళ్లీ చెయ్యాలి.

ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ మీ కళ్లెదుట నేల మీద ఉండాలి. గ్యాస్‌తో నడిచే డ్రైయరైతే గ్యాస్ వాల్వు కట్టేయాలి. మిషను జరపడానికి గ్యాస్ గొట్టం విప్పాల్సి వస్తే ఆ ఒక్క పని తెలిసినవాళ్లకే వదిలేయండి. కొన్ని మోటార్ల పక్కన డబ్బీలాంటి కెపాసిటర్ ఉంటుంది. ప్లగ్ పీకాక కూడా అందులో కరెంటు నిలవుంటుంది, దాని మొనలు ముట్టుకోకండి. చేతులకు గ్లవ్స్ తప్పనిసరి. డ్రైయర్ లోపలి రేకుల అంచులు బ్లేడులా ఉంటాయి. నా ఎడమచేతి మీదున్న గీతల్లో సగం కరెంటు వల్ల వచ్చినవి కావు, రేకుల వల్ల వచ్చినవే.

విప్పే తీరు రెండు రకాలు. ఒక రకంలో పై మూత, దాని తర్వాత ముందు పలక ఊడతాయి. ఇంకో రకంలో పై మూత, వెనక పలకో పక్క పలకో. పై మూతకు స్క్రూలు వెనక ఉండొచ్చు, బట్టల నుంచి రాలే నూగును పట్టే జాలీ పైనుంచి తీసే మోడలైతే ఆ జాలీ తీశాక దాని కింద కనిపించొచ్చు. ఎక్కడా స్క్రూ కనిపించకపోతే ముందువైపు మూలల్లో లోపల క్లిప్పులుంటాయి, సందులో పలచటి రేకు దూర్చి నొక్కితే మూత లేస్తుంది. బలవంతం మాత్రం వద్దు. ఏ పలకైనా రావడం లేదంటే మీరు చూడని స్క్రూ ఇంకొకటి ఉందని అర్థం. తలుపు స్విచ్‌కు వెళ్లే వైర్లు విప్పేముందు ఫోను తీసి ఫొటో కొట్టండి. బెల్టు తియ్యకముందు దాని ఫొటో రెండు మూడు వైపుల నుంచి తియ్యండి. అప్పుడు అక్కర్లేదనిపిస్తుంది. గంట తర్వాత ఆ ఫొటో ఎంత పనికొస్తుందో నేను చెప్పక్కర్లేదు.

ముందు పలక ఊడే రకంలో చాలా మిషన్లకు డ్రమ్ము ముందు భాగాన్ని ఆ పలకే మోస్తుంటుంది. అది తియ్యగానే డ్రమ్ము ముందుకు వాలుతుంది. దాని కింద చెక్కముక్క పెట్టండి, లేదా ఇంకొకరిని పట్టుకోమనండి. (మీవారు కొత్త మిషను కొందామన్నారు కదా, ఈ పని ఆయనకు అప్పజెప్పండి.) తర్వాత మోటారు దగ్గర చెయ్యి పెట్టి టెన్షన్ పుల్లీని పక్కకు నెడితే బెల్టు వదులవుతుంది. బెల్టు తీసి, డ్రమ్మును బయటకు లాగితే రోలర్లు కనిపిస్తాయి.

అవి కనిపించేలోపు ఇంకోటి కనిపిస్తుంది: నూగు. తొమ్మిదేళ్ల నూగు. జాలీ ఎంత శుభ్రంగా పెట్టుకున్నా కొంత లోపలికి పోతూనే ఉంటుంది. మోటారు చుట్టూ, హీటర్ దగ్గర, మూలల్లో దూదిపరుపులా పేరుకుని ఉంటుంది. ఇదే నిప్పు అంటుకునే సరుకు. వాక్యూమ్ క్లీనర్‌తో నిదానంగా మొత్తం లాగేయండి. నన్నడిగితే రోలరు మార్చడం కన్నా ఇదే పెద్ద పని.

రోలరును దాని ఇరుసు మీద పట్టి ఉంచేది ఒక చిన్న క్లిప్పు. కొన్నిట్లో మూడు మూలల ప్లాస్టిక్‌ది, కొన్నిట్లో ఇనుప సర్‌క్లిప్. ఇనుపది తీసేటప్పుడు ఎగిరిపోతుంది, రెండో చెయ్యి అడ్డం పెట్టండి. క్లిప్పు, వాషరు, రోలరు, వెనక ఇంకో వాషరు, ఈ వరస గుర్తుపెట్టుకోండి. ఇరుసును గుడ్డతో తుడిచి గోటితో రాసి చూడండి. గాడి పడినట్టు గోరు ఆగితే ఇరుసు కూడా మార్చాలి. గాడిపడ్డ ఇరుసు మీద కొత్త రోలరు ఎక్కిస్తే నెలల్లోనే అదీ పాడవుతుంది. కొత్త రోలరు ఎక్కించి వేలితో తిప్పండి. అడ్డూ ఆపూ లేకుండా తిరగాలి, అటూ ఇటూ ఊగకూడదు. క్లిప్పు కూడా కొత్తదే వెయ్యండి.

డ్రమ్మును మళ్లీ ఎక్కించాక దాని మీద పాత బెల్టు నడిచిన నల్లటి చార కనిపిస్తుంది. కొత్త బెల్టు సరిగ్గా ఆ చార మీదే ఉండాలి. బెల్టుకు ఒకవైపు నిలువు గాళ్లుంటాయి, రెండోవైపు నున్నగా ఉంటుంది. గాళ్లు డ్రమ్మువైపు, అవే గాళ్లు మోటారు పుల్లీ మీద, టెన్షన్ పుల్లీకి ఆనేది నున్నటి వీపు. పక్కనుంచి చూస్తే బెల్టు మెలికతిరిగి కనిపిస్తుంది, తప్పు చేశామేమో అనుకుంటారు. తప్పు కాదు, ఆ మెలికే దాన్ని బిగుతుగా ఉంచేది. ముందు పలక బిగించేముందు డ్రమ్మును చేత్తో నాలుగైదు చుట్లు తిప్పండి. బెల్టు చార మీద కుదురుకుంటుంది, ఫెల్ట్ ఎక్కడైనా మడతపడి ఉంటే చేతికి పట్టేసినట్టు తెలుస్తుంది. అంతా బిగించాక ఖాళీగా పది నిమిషాలు నడపండి. మొదటిసారైతే పూర్తవడానికి సగంరోజు పెట్టుకోండి. స్క్రూలు ఒకటి రెండు మిగిలితే నాకు రాయకండి, మళ్లీ విప్పండి.

ప్రశ్న: డ్రైయర్ ఆన్ చేస్తే మోటారు తిరుగుతున్న 'మ్మ్' శబ్దం వస్తోంది, డ్రమ్ము కదలడం లేదు. చేత్తో తిప్పితే ఇదివరకటికన్నా చాలా తేలిగ్గా తిరుగుతోంది. బెల్టేనంటారా? సంవత్సరం లోపల ఇది రెండోసారి.

జవాబు: బెల్టే. అది బాగుంటే చేత్తో తిప్పినప్పుడు మోటారును కూడా లాగుతున్న బరువు తెలుస్తుంది. తేలిగ్గా దొర్లిపోయిందంటే మధ్యలో లంకె తెగినట్టే. (కొన్ని మోడళ్లలో బెల్టు తెగితే ఒక చిన్న స్విచ్ మోటారును అసలు కదలనివ్వదు. అప్పుడు ఏ శబ్దమూ రాదు. అందరూ మోటారు కాలిపోయిందనుకుంటారు.)

కానీ మీ ప్రశ్నలో అసలు సంగతి చివర ఉంది: రెండోసారి. మంచి బెల్టు ఏళ్ల తరబడి నడుస్తుంది. అది ఏడాదిలో రెండుసార్లు చచ్చిందంటే చంపేది ఇంకెవరో లోపల కూర్చుని ఉన్నారు. కిందటిసారి బెల్టు మాత్రమే మార్చి ఉంటారు. ఈసారి టెన్షన్ పుల్లీని వేలితో తిప్పండి. గరగరలాడినా, పట్టేసినా దొంగ దొరికినట్టే. తిరగని పుల్లీ మీద బెల్టు ఒరుసుకుంటూ పోతుంది, వేడెక్కుతుంది, అంచులు దారాలు దారాలుగా విడిపోతాయి. తెగిన బెల్టును పారెయ్యకముందు చూడండి. వీపువైపు మెరుస్తూ కాలినట్టుంటే పుల్లీ తప్పు. ఒక అంచే అరిగి ఉంటే పుల్లీ వంకరగా ఉందేమో, డ్రమ్ము ఒరిగిందేమో చూడాలి. గాళ్ల మధ్య అడ్డంగా పగుళ్లుంటే మామూలు ముసలితనం. పుల్లీ బాగానే ఉంటే రోలర్లు చూడండి. ఒక్క రోలరు బిగుసుకుపోయినా ఆ భారమంతా పడేది బెల్టు మీదే.

ఇంకో అనుమానం కూడా ఉంది, చెప్పడానికి నాకే సిగ్గు. ఈ పనిలో చేరిన కొత్తలో ఒకరింట్లో బెల్టును తిరగేసి, నున్నటి వైపు లోపలికి పెట్టి వచ్చాను. తిరిగింది కూడా! సాయంత్రానికి కాలిన రబ్బరు వాసన వస్తోందని కబురొచ్చింది. వెళ్లి, తిప్పి పెట్టి, కొత్త బెల్టు డబ్బులు నేనే పెట్టుకున్నాను. మీ బెల్టు వేసినాయన కూడా నాలాంటి కొత్తవాడేమో చూసుకోండి. అలాగే పొడవు. ఒక్క సెంటీమీటరు పొడవైన బెల్టు కూడా జారుతుంది, పొట్టిదైతే మోటారు ఇరుసునే లాగుతుంది. పాత బెల్టు ఎంతుందో కొలిచి తెచ్చుకోవద్దు. సాగిపోయిన దాని కొలతకు అర్థం లేదు, మోడల్ నంబరు చెప్పి తెచ్చుకోండి.

ప్రశ్న: కీచుమంటోంది. ఆ స్ప్రే నూనె కొట్టొచ్చా?

జవాబు: వద్దు. స్ప్రే లోపలున్న గ్రీజును కడిగేస్తుంది, తర్వాత అది ఆరిన చోట నూగు వచ్చి అంటుకుంటుంది. రెండు రోజులు మౌనం, మూడోరోజు ఇంకా పెద్ద కీచు. పైగా వేడి, నూగు ఉన్నచోట నూనె చల్లడమేమిటండీ? కీచుమనేది ఎక్కువగా టెన్షన్ పుల్లీయో, రోలరు బుష్షో (ఇరుసు మీద తిరిగే లోపలి గొట్టం). విప్పి మార్చండి.

ప్రశ్న: తెల్ల చొక్కాల మీద, దిండు గలేబుల మీద గోధుమరంగు చారలు పడుతున్నాయి. సబ్బు మార్చాను, నీళ్లు మార్చి చూశాను. ఒకసారి బ్లౌజు హుక్కు దగ్గర గుడ్డ నలిగి చిరిగి వచ్చింది. డ్రైయరే చేస్తోందా?

జవాబు: ఆ చిరుగుతో దొరికిపోయిందండీ. సబ్బు నేరమేమీ లేదు. డ్రమ్ము తిరిగేది, దాని ముందు పలక కదలనిది. రెంటి మధ్య సందును మూసేది ఫెల్ట్ పట్టీ. అనేక మోడళ్లలో ముందువైపు ఆ ఫెల్ట్‌తోపాటు డ్రమ్ము జారడానికి చిన్న ప్లాస్టిక్ పలకలు కూడా ఉంటాయి. అవి అరిగితే డ్రమ్ము ముందు అంచు కిందకు దిగుతుంది, పైన సందు పెరుగుతుంది. బట్ట అంచు ఆ సందులో చిక్కి, నలిగి, అక్కడి మురికి అంటించుకుని బయటపడుతుంది. డ్రమ్ము ముందు అంచును లోపలినుంచి పైకెత్తి చూడండి. బాగా పైకి లేస్తే ఆ పలకలు అరిగినట్టే. తలుపు తీసి ఆ అంచు చుట్టూ వేలు తిప్పితే ఫెల్ట్ ఎక్కడ చిరిగిందో, ఎక్కడ పలచబడిందో కూడా తెలిసిపోతుంది.

ఫెల్ట్‌ను కొన్నిట్లో గాడిలో దూరుస్తారు, కొన్నిట్లో జిగురుతో అంటిస్తారు. జిగురు రకమైతే వేడికి ఓర్చుకునే జిగురే వాడాలి. మామూలుది మొదటి వారంలోనే కరిగి ఊడిపోతుంది. పాత జిగురు మొత్తం గీకి తీశాక, పట్టీని చుట్టూ సాగదియ్యకుండా పరవండి. సాగదీస్తే చివర్లో మిగిలిపోతుంది, ఆ ముక్కను కోసేస్తారు, వారం తర్వాత పట్టీ ముడుచుకుని సందు మళ్లీ కనిపిస్తుంది. ఇది నేను చేసిన తప్పే. జిగురు పొట్లం మీద ఎన్ని గంటలు ఆరనివ్వాలని రాసుంటే అన్ని గంటలూ మిషను ముట్టుకోకండి. చాలావాటికి ఒక పూర్తి రోజు కావాలి. పట్టీ మార్చాక బట్టలు ఇదివరకటికన్నా త్వరగా ఆరుతున్నట్టనిపిస్తే అది మీ భ్రమ కాదు. వేడిగాలి బట్టల్లోంచి పోవడం మానేసి ఇన్నాళ్లూ ఆ సందుల్లోంచి పారిపోయింది.

ప్రశ్న: మా డ్రైయర్ తిరుగుతోంది కానీ వేడి లేదు. థర్మల్ ఫ్యూజు పోయిందని తెలుసుకుని మార్చాను. పది రోజులకు మళ్లీ పోయింది. ఫ్రెండు ఆ రెండు వైర్లూ కలిపేయమంటున్నాడు.

జవాబు: ఆ ఫ్రెండు మంచివాడే కావచ్చు, మీ మిషను దగ్గరకు మాత్రం రానివ్వకండి. ఆ ఫ్యూజు ఒకేసారి పనిచేసే కాపలావాడు. లోపల వేడి హద్దు దాటితే తాను పోయి వేడిని ఆపుతుంది. వైర్లు కలిపితే ఇక ఆపేవాళ్లుండరు. పది రోజుల్లో రెండోది పోయిందంటే వేడి బయటకు పోవడం లేదన్నమాట. గాలి గొట్టం వెనక నలిగిందేమో, నూగుతో పూడుకుపోయిందేమో చూడండి. మిషనును గోడకు బాగా దగ్గరకు తోసేయడం వల్లే ఎక్కువసార్లు గొట్టం నలుగుతుంది. తర్వాత నూగు జాలీని కుళాయి కింద పెట్టండి. నీళ్లు వెంటనే దిగిపోవాలి. పైన నిలిచాయంటే కంటికి కనపడని పొర జాలీని మూసేసింది. మెత్తదనం కోసం డ్రైయర్లో వేసే సువాసన కాగితాల వల్ల ఆ పొర పడుతుంది. సబ్బునీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి రుద్ది, ఆరబెట్టి పెట్టండి. ఇవన్నీ బాగున్నా ఫ్యూజు పోతుంటే వేడిని అదుపు చేసే థర్మోస్టాట్‌ను పరీక్ష చేయించాలి. ఆ తర్వాతే కొత్త ఫ్యూజు.

ప్రశ్న: మాది హీట్ పంప్ డ్రైయర్. మీరు చెప్పే బెల్టు, రోలర్ల పని దానికీ వర్తిస్తుందా?

జవాబు: బెల్టు, రోలర్లు, ఫెల్ట్, ఇవన్నీ దానికీ ఉంటాయి, పని కూడా దాదాపు ఇదే. కానీ కింద ఫ్రిజ్‌లో ఉండేలాంటి కంప్రెసరు, రాగి గొట్టాలు ఉంటాయి. ఈమధ్య వచ్చే చాలా మిషన్లలో ఆ గొట్టాల్లో ఉండేది ప్రొపేన్, అంటే మండే గ్యాస్. స్క్రూడ్రైవర్ మొన తగిలి గొట్టానికి చిల్లు పడితే అది మీ చేతుల్లో బాగయ్యేది కాదు. పై భాగం వరకూ మీ ఇష్టం, కింద గొట్టాలున్న డబ్బా జోలికి పోకండి. ఇంకో మాట, ఆ మిషనును పక్కకు పడుకోబెట్టి విప్పకండి. తప్పనిసరై వంచితే నిలబెట్టాక కొన్ని గంటలు ఆగి ఆన్ చెయ్యండి. కంప్రెసరులోని నూనె వెనక్కి దిగాలి.